సాధారణ నివాసం

ఫారం ఆరులో పేరు రాయడం తేలికే.
వంకాయలపాటి నీలవేణి.
తండ్రి పేరు, పుట్టిన తేదీ,
జ్వరం తగ్గిన మర్నాడు దిగిన ఫోటో.
'సాధారణంగా నివసించే చోటు' దగ్గరికొచ్చి
పెన్ను ఆగింది.

సాధారణంగా అంటే?

దర్గామిట్ట హాస్టల్లో ఇరవై ఏడో గది,
కిటికీ పక్క మంచం.
ఏడాదికి మూడొందల రోజులు నేనక్కడే.
అయినా ఫీజు ఒక్క నెల ఆలస్యమైతే
ఆ మంచం నాది కాదు.

పామూరు అవతల రాచగుంటపల్లెలో
మా గోడకో మేకు, మేక్కి నా పాత స్కూలు సంచి.
అమ్మ దాంట్లో ఎండుమిరపకాయలు పోసింది.
అక్కడ నేనుండేది అరవై రోజులు,
అదీ సెలవులిస్తే.

వార్డెన్ కామాక్షమ్మ కళ్ళజోడు పైకి తోసి
"ఈడే రాసుకోమే, సంతకం నేను పెడతా.
ఆత్మకూరు, ఉదయగిరి, దుత్తలూరు...
ఒక ఓటుకి నడుములు ఇరగ్గొట్టుకుంటావా?" అంది.
మంచి మాటే.

ఫర్హానా వాళ్ళన్న సైన్యంలో, మంచుకొండల మీద.
ఆయన ఓటు కవర్లో వస్తుంది,
కవర్లో ఇంకో కవరు.
"మా అన్నకంటే వాడి ఓటే
ఎక్కువసార్లు ఈ జిల్లాకొచ్చింది" అంటుంది,
దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు లాగుతూ.
ఎన్నికల డ్యూటీ పడ్డ కెమిస్ట్రీ సారుకీ కాగితమే.

మరి నాకో?
ఫోన్ చేసి అడిగాను.
అవతలి గొంతు ఓపిగ్గా చెప్పింది:
చదువుకునేవాళ్ళకి పోస్టులో లేదమ్మా,
పేరెక్కడుంటే అక్కడికి వచ్చి వెయ్యాలి.
'వచ్చి' అన్నచోట ఆ గొంతు కొంచెం తగ్గింది.
ఆమెకీ ఊరు దూరమేమో.

ఆ రాత్రి కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాను.
కాలేజీలో చేరిన మొదటి రోజు
పేరైనా చెప్పకముందే ల్యాబులో ఎవరో అడిగారు,
"నువ్వు కనిగిరి సైడా?" అని.
నవ్వానంతే.
ముందు పళ్ళ మీద ఇటుకరంగు గీతలు,
మా బోరునీళ్ళు రాసినవి.
బళ్ళో నాతో కూచున్న పద్నాలుగు మందికీ
అదే దస్తూరి.
రెండేళ్ళు పెన్నా నీళ్ళతో తోమినా
ఒక్క అక్షరం చెరగలేదు.

నోరు తుడుచుకుని వెళ్ళి
గడిలో రాచగుంటపల్లె అని రాశాను.

విచారణకి ఎస్తేరమ్మ టీచరొచ్చిందట,
అంగన్‌వాడీలో నాకు గుడ్డు ఒలిచి పెట్టినావిడ.
"పిల్ల ఈడే ఉంటదా?"
అడగాలి గనక అడిగింది.
"ఇప్పుడు లేదు. ఉంటది" అందట అమ్మ.
ఎస్తేరమ్మ ఆ రెండో మాటే రాసుకుంది.

ఓటు పోస్టులో పోదు గానీ
కార్డు మాత్రం పోస్టులోనే వచ్చింది.
బస్సు డ్రైవరు చేత పంపమంటే
అమ్మ పంపలేదు.
"వచ్చి తీసుకో."

పోలింగు ముందు రోజు
ఆత్మకూరు దాకా నిలబడే వెళ్ళాను.
పరీక్షకని తెచ్చుకున్న పుస్తకం
సంచిలోనే చెమట పట్టింది.
పొద్దున మా బడి ముందు లైను,
లైను పక్కన నీళ్ళ ట్యాంకు.
రంగు కొత్తది. కుళాయిలు లేవు.

లోపల ఒక్క కూత.
అంత దూరానికి అంత చిన్న చప్పుడు.

తిరుగు బస్సులో పక్క సీటు అవ్వ
నా గోటి మీద సిరా చూసి
తన గోరు తెచ్చి పక్కన పెట్టింది.
"కాలేజీ పిల్లవా? యాడ నించి వస్తుండా?"
ఊరి పేరు చెబుదామని నోరు తెరిచాను.
"సర్లే, తెలిసిందిలే" అని
అవ్వ నవ్వింది.
ఉన్న నాలుగు పళ్ళ మీదా
అదే దస్తూరి.